చేతి విలువ

ఆభరణం అనగానే మనకు ముందుగా త్రాసు గుర్తుకు వస్తుంది. ఎన్ని కాసులు, ఎన్ని తులాలు, ఈ రోజు ధర ఎంత అన్న ప్రశ్నలతోనే నగల ముచ్చట మొదలవుతుంది. బంగారు దుకాణంలో లోహం ధరతోపాటు ‘తరుగు’, ‘మజూరి’ అనే రెండు మాటలు వినిపిస్తాయి. తరుగు అంటే నగ చేసేటప్పుడు నష్టపోయే లోహం. మజూరి అంటే నగ చేసిన మనిషికి ఇచ్చే కూలి. చాలాచోట్ల ఈ మజూరిని కూడా గ్రాముకు ఇంత అనో, బంగారం వెలలో నూటికి ఇంత అనో లెక్కగడతారు. అంటే పనివాడి నేర్పును సైతం మనం లోహం బరువుతోనే తూచుతున్నాం. బంగారం ధర పెరిగినంత మాత్రాన స్వర్ణకారుని వేళ్లకు నేర్పు పెరగదు. ధర తగ్గినంత మాత్రాన ఆ నేర్పు తరగదు. అయినా ఈ కొలత మనకు వింతగా తోచదు.

ఈ త్రాసు పనికిరాని ఆభరణం ఒకటి ఉన్నది. అది రాగి తీగతోనో, ఇత్తడి తీగతోనో, వెండి పూత పూసిన తీగతోనో ఒక్కొక్క పూసను చుట్టి, లంకెకు లంకె కలిపి చేతితో అల్లే పూసల నగ. దానిలోని తీగ ఖరీదు కొద్ది రూపాయలు. పూసల ఖరీదు దానికంటె మరికొంత ఎక్కువ. మిగిలినదంతా చేయి, కన్ను, ఓపిక. లోహం వెల తీసివేసిన తరువాత చేతికి మనం ఇచ్చే విలువ ఎంత అని తెలుసుకోవాలంటే ఇంతకంటె మంచి గీటురాయి దొరకదు. ఆ గీటురాయి మీద గీసి చూస్తే మన సమాజం మేలిమిగా తేలడం లేదని నా అభిప్రాయం. చేతివిద్యలను మనం వేదికలపై పొగుడుతాం, ప్రదర్శనలలో మెచ్చుకుంటాం, కొనే వేళ మాత్రం సగానికి బేరమాడతాం. చేతికి వెల కట్టడం నేర్చుకోనంతవరకు ఈ పొగడ్తలు ఏ విద్యనూ బతికించలేవు.

తీగతో పూసలను అల్లడం పరదేశం నుంచి వచ్చిన కొత్త వ్యాపకమని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మన ఇళ్లలోని పెద్దల మెడలను ఒకసారి పరికించండి. వెండి తీగతో కట్టించిన రుద్రాక్షమాల కనిపిస్తుంది. ప్రతి రుద్రాక్షకు ఇరువైపులా చిన్న కొక్కెం, ఆ కొక్కెం మెడకు చుట్టిన తీగ, ఆ కొక్కెంలో మరొక కొక్కెం ఉంటాయి. స్త్రీల మెడలోని నల్లపూసల గొలుసులో సన్నని బంగారు తీగ ఒక్కొక్క పూసను పట్టి ఉంచుతుంది. పగడాల దండలలో, ముత్యాల హారాలలో, తులసి తావళాలలో ఇదే పనితనం కనిపిస్తుంది. స్వర్ణకారుని ‘కమ్మచ్చు’ అనే పనిముట్టు ఈ విద్యకు మూలం. అది వరుసగా చిన్నవవుతూ వచ్చే రంధ్రాలున్న ఉక్కు పలక. లోహపు కమ్మిని ఒక రంధ్రం తరువాత మరొక రంధ్రంలో నుంచి లాగుతూ పోతే అది క్రమంగా వెంట్రుక వంటి తీగగా మారుతుంది. కరీంనగర్ వెండి తీగపని ఈ విద్యకు పరాకాష్ఠ. సన్నని వెండి తీగలను మెలివేసి, వంచి, అతికి లతలను, పళ్లేలను, పెట్టెలను రూపొందించే ఆ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పూసల చరిత్ర తీగ చరిత్రకంటె ప్రాచీనమైనది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించినప్పుడు బయటపడిన ధాతుకరండాలలో పూసలు, ముత్యాలు, బంగారు పూలు దొరికాయి. బుద్ధుని ధాతువుల సన్నిధిలో ఉంచదగినంత పవిత్రమైన వస్తువుగా ఆనాటివారు పూసను భావించారన్నమాట. మెదక్ సీమలోని కొండాపురంలో శాతవాహనుల కాలంనాటి పూసలు విస్తారంగా లభించాయి. అమరావతి శిల్పాలలోని స్త్రీపురుషుల కంఠాలలో, కటిప్రదేశాలలో పూసల పేటలు కనిపిస్తాయి. ఇవన్నీ రాజుల కథలు కావు. ఎక్కడో కూర్చుని రాతిని అరగదీసి, రంధ్రం తొలిచి, దారం ఎక్కించిన పనివారి కథలు. వారి పేర్లు ఏ శాసనమూ చెప్పదు.

తిరుపతికి సమీపాన ఉన్న పాపానాయుడుపేట ఈ విషయంలో మనం గర్వించదగిన గ్రామం. దక్షిణ భారతదేశంలో సుమారు రెండువేల సంవత్సరాల క్రితం నుంచి గాజును గొట్టంగా సాగదీసి పూసలు చేసే పద్ధతి ఒకటి ఉండేది. కొలిమిలో కరిగిన గాజు ముద్దను ‘లాడ’ అనే పొడవైన ఇనుప గొట్టానికి పట్టించి, దాని నడుమ నుంచి ఇనుప చువ్వను పోనిచ్చి, బోలుగా ఉన్న గాజు గొట్టాన్ని సన్నగా సాగదీసేవారు. చల్లారిన గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్లీ కాచేవారు. ఆ వేడికి వాడి అంచులు కరిగి నునుపెక్కేవి. ఇటువంటి పూసలు ఒకవైపు తూర్పు ఆఫ్రికా తీరంలోను, మరొకవైపు ఆగ్నేయాసియా దేశాలలోను, కొరియా, జపాన్ దేశాలలోను త్రవ్వకాలలో బయటపడ్డాయి. ఇంత సువిశాలమైన వర్తకానికి ఆధారమైన ఆ పద్ధతి ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు సజీవంగా నిలిచి, పరిశోధకులను ఆశ్చర్యపరచినది పాపానాయుడుపేటలోనే. పూసలు సముద్రాలు దాటాయి. వర్తకులు ధనవంతులయ్యారు. చేసినవారు మాత్రం కొలిమి దగ్గరే ఉండిపోయారు. పూసల విద్యను గురించి ఆలోచించే ప్రతివారూ ఈ అసమానతను గమనించాలి.

ఊరూరా తిరిగే పూసలవారిని కూడ ఇక్కడ స్మరించుకోవాలి. పూసలు, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు బుట్టలో పెట్టుకొని వీధివీధికి వచ్చి, అరుగుమీద కూర్చుని తెగిన దండలు గుచ్చి ఇచ్చిన ఆ స్త్రీలు మన పల్లెల అలంకార కళకు సంచార పాఠశాలల వంటివారు. ఏ రంగు పూస పక్కన ఏ రంగు పూస శోభిస్తుందో వారికి తెలుసు. ఆ జ్ఞానానికి మనం ఇచ్చినది గుప్పెడు బియ్యమో, కొన్ని పైసలో.

ఇక పనిని గురించి కొంత వివరంగా తెలుసుకుందాం. తెలియని పనికి విలువ కట్టడం సాధ్యం కాదు కదా. పూసల నగకు సాధారణంగా సుమారు 0.8 మిల్లీమీటర్ల మందం గల తీగను వాడతారు. వర్తకులు దీనిని ఇరవై గేజి తీగ అంటారు. పూస రంధ్రం చిన్నదైతే 0.5 మిల్లీమీటర్ల తీగ కావాలి. గేజి సంఖ్య పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది. పనిముట్లు మూడు చాలు. కొక్కెం వంచడానికి గుండ్రటి మూతి గల పటకారు, తీగను పట్టి ఉంచడానికి చదును మూతి పటకారు, కత్తిరించడానికి కట్టరు. నిప్పు అవసరం లేదు, అతుకు అవసరం లేదు.

ఆరేడు సెంటీమీటర్ల తీగను తుంచి, ఒక కొన దగ్గర లంబకోణంలో వంచాలి. వంచిన భాగాన్ని గుండ్రటి పటకారు మూతి చుట్టూ తిప్పితే కొక్కెం ఏర్పడుతుంది. మిగిలిన తోకను కొక్కెం మెడకు రెండు మూడు చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి, కొనను కత్తిరించి, చర్మానికి గుచ్చుకోకుండా లోపలికి నొక్కాలి. ఆ తరువాత పూసను ఎక్కించి, రెండవవైపున కూడా అలాగే కొక్కెం వంచాలి. కాని ఇక్కడ ఒక మెలకువ ఉన్నది. రెండవ కొక్కెం మెడను చుట్టడానికి ముందే దానిని పక్క లంకెలోకి దూర్చాలి. ముందుగా చుట్టివేస్తే ఆ లంకె ఒంటరిగా మిగిలిపోతుంది. దానిని కత్తిరించి పారవేయడం తప్ప మార్గం లేదు. కొక్కేలన్నీ ఒకే పరిమాణంలో రావాలంటే పటకారు మూతి మీద ప్రతిసారీ ఒకేచోట తీగను పట్టాలి. చూడడానికి ఇది చిన్న విషయం. అరవై పూసల దండలో నూట ఇరవై కొక్కేలు ఉంటాయి. నూట ఇరవై సార్లు ఒకే కొలత తప్పకుండా వంచడం చిన్న విషయం కాదు.

తీగకు ఒక స్వభావం ఉన్నది. వంచినకొద్దీ లోహం గట్టిపడుతుంది. అదే చోట పదే పదే వంచితే పెళుసెక్కి విరిగిపోతుంది. కనుక పనిచేసేవారు తీగను ఎన్నిసార్లు సవరించవచ్చునో వేళ్లతోనే గ్రహించాలి. గట్టిపడిన రాగి తీగను మంద ఎరుపు వచ్చేవరకు కాల్చితే తిరిగి మెత్తబడుతుంది. ఉక్కును కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది, రాగి అలా గట్టిపడదు. లోహశాస్త్రం తరగతిలో చెప్పే ఈ సత్యం స్వర్ణకారుని ఇంటి బాలునికి పుస్తకం తెరవకముందే తెలుసు. చేతిపనిలో బుద్ధి లేదని భావించేవారు ఈ ఒక్క ఉదాహరణను ఆలోచించాలి.

దారంతో గుచ్చిన దండకు, తీగతో అల్లిన దండకు ఉన్న భేదం కూడ గమనింపదగినది. దారం ఒకచోట తెగితే పూసలన్నీ నేలపాలవుతాయి. తీగ అల్లికలో ఒక లంకె తెగితే ఆ లంకెను మాత్రం మార్చుకోవచ్చు. మిగిలిన దండ చెక్కుచెదరదు. మెడకు చుట్టు చుట్టని ఉత్త కొక్కెం లాగితే విచ్చుకుంటుంది. చుట్టిన కొక్కెం విచ్చుకోదు. ఆ రెండు మూడు చుట్లు నగ మన్నికకు మూలం. కాని కొనేవారి కంటికి అవి కనిపించవు. త్వరగా పూర్తిచేయాలన్న తొందరలో, లేదా కూలి గిట్టుబాటు కానప్పుడు, మొదట మాయమయ్యేవి ఆ చుట్లే. నగను చౌకగా కొన్నామని మనం సంతోషిస్తున్నప్పుడు నిజానికి తక్కువ చుట్లున్న నగను కొంటున్నామన్నమాట.

ఈ పని చేసేవారిలో అధికసంఖ్యాకులు ఇంటిపట్టున ఉండే స్త్రీలు. వారి విషయంలో మన భాషలోనే ఒక అన్యాయం దాగి ఉన్నది. దుకాణంలో కూర్చుని పురుషుడు తీగ వంచితే అది ‘వృత్తి’. అదే తీగను ఇంటి వసారాలో కూర్చుని స్త్రీ వంచితే అది ‘కాలక్షేపం’. వృత్తికి కూలి ఉంటుంది, కాలక్షేపానికి మెచ్చుకోలు ఉంటుంది. ఈ ఒక్క మాట తేడాతో ఎంత శ్రమ లెక్కకు రాకుండా పోతున్నదో గ్రహించడానికి పశ్చిమ గోదావరి సీమలోని నర్సాపురం చక్కని ఉదాహరణ. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాలో ప్రవేశించిన లేసు అల్లిక వేలాది ఇళ్లకు వ్యాపించింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త అక్కడి స్త్రీల స్థితిగతులను పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఇంటిపనులన్నీ చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలను సమాజం పనివారిగా గాక, తీరిక వేళను సద్వినియోగం చేసుకునే గృహిణులుగా మాత్రమే చూస్తున్నదని ఆమె నిరూపించారు. వారు అల్లిన లేసు విదేశీ విపణులకు చేరింది. లాభం మధ్యవర్తులకు, ఎగుమతిదారులకు చేరింది. ‘తీరిక’ అనే అందమైన మాట తక్కువ కూలికి సాకుగా మారింది.

పూసల నగల విషయంలో ఈ చరిత్ర పునరావృతం కాకూడదు. అందుకు మొదటి ఉపాయం లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం. అనకాపల్లి జిల్లా‌లోని ఎస్. రాయవరం వంటి ఊరిలో ఒక విద్యార్థిని ఈ పని నేర్చుకున్నదని భావిద్దాం. అరవై పూసల దండ ఒకటి అల్లింది. దానికి సుమారు నాలుగు మీటర్ల తీగ పట్టింది. అది రాగి తీగ అయితే బరువు ఇరవై గ్రాములకు మించదు. పూసలు, తీగ, కొక్కెం, అన్నీ కలిపి నూట ఇరవై రూపాయలు అయ్యాయనుకుందాం. చేయి తిరిగినవారికైనా ఒక్కొక్క లంకెకు మూడు నిమిషాలు పడుతుందనుకుంటే దండకు మూడు గంటలు కావాలి. పట్టణంలోని దుకాణదారు దానిని రెండువందల రూపాయలకు తీసుకున్నాడు. ఎనభై రూపాయలు మిగిలాయని ఆమె సంతోషిస్తుంది. ఇంట్లోవారూ సంతోషిస్తారు.

కాని ఆ ఎనభై రూపాయలను మూడు గంటలకు పంచితే గంటకు ఇరవై ఏడు రూపాయలు వస్తాయి. ఎనిమిది గంటల పనిదినానికి సుమారు రెండువందల పదమూడు రూపాయలు. 2025-26 సంవత్సరంలో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. మట్టిపని చేసేవారికి ఆ కూలి ఎక్కువని నేను అనడం లేదు, అదీ తక్కువే. నైపుణ్యం అక్కరలేని పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస ప్రతిఫలంకంటె, నెలల తరబడి నేర్చుకున్న పనికి తక్కువ దక్కుతున్నదన్నదే ఇక్కడి వాదం. పూసలు ఏరుకోవడానికి, పాడైన లంకెలు మళ్లీ చేయడానికి, పట్టణానికి వెళ్లి రావడానికి పట్టిన మరొక గంటను కూడా కలిపితే ఆమె గంట కూలి ఇరవై రూపాయలకు దిగిపోతుంది. ఆ 307 రూపాయల లెక్కనే నాలుగు గంటలకు కూలి కడితే దండ వెల 273 రూపాయలు కావాలి. పటకారుల అరుగుదల, ప్రయాణపు ఖర్చు, అమ్ముడుపోని దండల నష్టం ఇంకా దానిలో చేరలేదు. రెండువందలకు అమ్మిన దండలో లాభం లేదు. ఆమె తన చేతి కూలిలో కొంత భాగాన్ని కొన్నవారికి దానంగా ఇచ్చింది, అంతే.

ఈ లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఐదవ తరగతి గణితం చాలు. అయినా మన ఇళ్లలో ఎవరూ వేయరు. పూసలకు ఎంతైంది, తీగకు ఎంతైంది అని అడుగుతారు గాని, ఎన్ని గంటలు కూర్చున్నావు అని అడగరు. కాలాన్ని ఖర్చుగా లెక్కించని చోట శ్రమకు గౌరవం పుట్టదు.

ఎస్. రాయవరాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉన్నది. ఆ ఊరు మహాకవి గురజాడ అప్పారావు జన్మస్థలం. 1862లో అక్కడ జన్మించిన ఆ మహనీయుడు దేశభక్తిని వట్టి మాటల్లో గాక పాడిపంటలలో, దేశీయ వస్తువుల ఉత్పత్తిలో చూడమని బోధించారు. ఆయన మాటకు ఆచరణ రూపం అన్నట్లు ఆ ప్రాంతంలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక గ్రామం ఉన్నది. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను అద్ది బొమ్మలు చేయడం ఆ గ్రామపు విద్య. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బొమ్మలతోపాటు గాజులు, చెవి దుద్దులు, పూసలు కూడా అక్కడ తయారవుతాయి. రసాయనిక రంగుల మోజులో పడి ఆ కళ సహజత్వం కోల్పోతున్న దశలో, చెట్ల గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసే ప్రకృతి సిద్ధమైన రంగులను పునరుద్ధరించడానికి సి.వి. రాజు కృషి చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ రాజపథాన, నేటి కర్తవ్యపథంలో, ఆంధ్రప్రదేశ్ శకటంపై ఆ బొమ్మలే కొలువుదీరాయి.

ఏటికొప్పాక నేర్పే పాఠం ఏమిటి? చౌకదనంలో పోటీపడి ఏ చేతిపనీ గెలవదు. అచ్చు యంత్రం నుంచి గంటకు వేలకొద్దీ వచ్చే ప్లాస్టిక్ బొమ్మతో అంకుడు బొమ్మ ధర విషయంలో పోటీపడలేదు. అది గెలిచింది తన ప్రత్యేకతతో. పసిపిల్లవాడు నోట పెట్టుకున్నా భయం లేని రంగు, ఫలానా ఊరి కర్ర, ఫలానా ఊరి చేయి అన్న నమ్మకం, వీటికి కొనేవారు వెల చెల్లించారు. పూసల నగకు కూడ ఇదే మార్గం. ఎక్కడినుంచో వచ్చిన గాజుపూసలను ఎవరో వేసిన నమూనాలో అల్లితే అది వేయింటిలో ఒకటి అవుతుంది. పక్క ఊరి లక్కపూసను, మన ఊరి తీగపనిని కలిపి, మన ముగ్గుల నుంచో, మన పంటల నుంచో రూపాన్ని తీసుకొని అల్లితే దానికి ఒక ఊరు, ఒక పేరు ఏర్పడతాయి. కర్రపూస తేలికైనది కనుక పొడవైన దండ వేసుకున్నా మెడకు భారం కాదు. ఇటువంటి కలయికలు ఆలోచించగల వయస్సు, ఉత్సాహం విద్యార్థులకు ఉన్నాయి.

అయితే భౌగోళిక గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి పెరుగుతుందని భ్రమపడకూడదు. 2003లో అమలులోకి వచ్చిన చట్టం పేరును కాపాడుతుంది. ఇతరులు ఆ పేరుతో నకిలీలు అమ్మకుండా నిరోధిస్తుంది. పేరు వల్ల వచ్చిన ధర ఎవరి ఇంటికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం సంఘాలలోను, సహకారంలోను ఉంటుంది.

ఈ వాదానికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. యంత్రం క్షణంలో చేయగల పనికి మనిషి గంటలు వెచ్చించడం ఎందుకు అని ఒకరు అడగవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మనిషిని హింసించే పనులను యంత్రానికి అప్పగించడమే మంచిది. కాని పూసల నగ ఆకలి తీర్చే వస్తువు కాదు, అలంకారం. అలంకారానికి ప్రాణం వైవిధ్యం. లక్ష మంది ధరించే ఒకే అచ్చు నగకు లేని ఆకర్షణ చేతితో చేసిన నగకు ఉన్నది. పైగా ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఇంటి నుంచి దూరంగా వెళ్లలేని వారికి, చదువుకుంటూ కొంత సంపాదించదలచినవారికి ఇది ఒక ఆసరా కాగలదు. ఆసరా అన్నాను గాని, ఇదొక్కటే జీవనాధారమని అనలేదు. చేతివిద్య నేర్చుకుంటే ఉద్యోగం అక్కరలేదని చెప్పడం యువతను మోసగించడమే అవుతుంది.

చేతితో చేసినది కనుక ఎలా ఉన్నా కొనాలా అని మరొకరు అడగవచ్చు. కొననక్కరలేదు. మంచి వెల అడిగేవారు మంచి పని ఇవ్వాలి. తీగ కొన మెడకు గుచ్చుకునే దండను, వారం రోజులలో విచ్చుకునే కొక్కేన్ని చేతిపని అన్న పేరుతో ఎవరి నెత్తినా రుద్దకూడదు. ఆరోగ్య విషయంలో మరింత నిజాయితీ అవసరం. చౌకరకం తీగలలో నికెల్ ఉంటే కొందరి చర్మంపై దురద, దద్దురు వస్తాయి. ఐరోపా సమాజం 1994లోనే నగలలో నికెల్ వాడకంపై ఆంక్షలు విధించింది. రాగి తీగ చెమట తగిలి చర్మంపై ఆకుపచ్చని మరక పెట్టవచ్చు. అది ప్రమాదకరం కాకపోయినా కొనేవారికి ముందుగా చెప్పడం ధర్మం. ఇత్తడిని ఇత్తడి అనీ, పూతను పూత అనీ చెప్పి అమ్మాలి. ‘మెరిసేదంతా బంగారం కాద’న్న సామెత కొనేవారికే గాక అమ్మేవారికి కూడ వర్తిస్తుంది.

మరి ఏమి చేయాలి? మొదట, ఈ పనికి ఒక పేరు కావాలి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులను చేర్చారు. స్వర్ణకారులు, పూలదండలు కట్టేవారు, సంప్రదాయ బొమ్మలు చేసేవారు, దర్జీలు, చేపల వలలు అల్లేవారు వాటిలో ఉన్నారు. పనిముట్లకు పదిహేను వేల రూపాయల సహాయం, తక్కువ వడ్డీకి ఋణం వంటి సదుపాయాలు దానిలో ఉన్నాయి. ఆ పద్దెనిమిదింటిలో పూసలు అల్లేవారికి ప్రత్యేకమైన పేరు లేదు. పూలు గుచ్చే చేతికి పేరున్నప్పుడు పూసలు గుచ్చే చేతికి ఎందుకు ఉండకూడదు? పేరు లేని వృత్తికి జాబితాలో చోటు ఉండదు. జాబితాలో చోటు లేనివారికి శిక్షణ, ఋణం, బీమా అందవు.

రెండవది, సామూహిక శక్తి. ఒక్కొక్కరు విడివిడిగా పది మీటర్ల తీగ కొంటే చిల్లర ధర పడుతుంది. పదిమంది కలిసి చుట్ట కొంటే టోకు ధర పడుతుంది. ఒంటరిగా అమ్మేవారు దుకాణదారు చెప్పిన ధరకు తలవంచుతారు. సంఘంగా అమ్మేవారు తమ ధర తాము చెప్పగలుగుతారు. తెలుగునాట స్త్రీల పొదుపు సంఘాలు ఈ సత్యాన్ని పల్లె పల్లెలో నిరూపించాయి. ఆ సంఘాల పుస్తకాలలో పొదుపు, అప్పు అన్న గడులతోపాటు ‘పని గంటలు’ అన్న గడి కూడ ఒకటి ఉండాలని నా సూచన.

మూడవది, విద్యాలయాల బాధ్యత. కళాశాలలలో చేతిపని అంటే వార్షికోత్సవం నాడు బల్లమీద పరచి చూపే ప్రదర్శనగా మిగిలిపోతున్నది. ఒక నగను చేయించడంతో ఆగకుండా, దాని ఖర్చు లెక్కగట్టించాలి. లోహం ఎందుకు గట్టిపడుతుందో రసాయనశాస్త్ర అధ్యాపకులు చెప్పాలి. వెల ఎలా నిర్ణయించాలో వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు చెప్పాలి. బాలికలతోపాటు బాలురు కూడ పటకారు పట్టాలి. శతాబ్దాలుగా స్వర్ణకారులు పురుషులే అయినప్పుడు తీగ వంచడం ఆడపిల్లల వ్యాపకమని అనడం అర్థరహితం.

చివరిది, కొనేవారి సంస్కారం. పెద్ద దుకాణంలో చీటీమీద అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లించే మనమే, సంతలో నేలమీద గుడ్డ పరచుకొని కూర్చున్న స్త్రీ దగ్గర పది రూపాయల కోసం పావుగంట వాదిస్తాం. బేరమాడడం తప్పు కాదు. ఎవరి దగ్గర ఆడుతున్నామో, దేనిని తగ్గిస్తున్నామో ఆలోచించకపోవడం తప్పు. తీగ వెల తగ్గదు, పూస వెల తగ్గదు. మనం తగ్గించమని అడుగుతున్నది ఆమె చేతి విలువను.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు చేతితో ఏదో ఒకటి తయారుచేస్తారు. అందరూ చేతితో చేసినవి కొంటారు. చేసేవారు తమ పని పక్కన పట్టిన గంటలను కూడ వ్రాసుకోండి. మెడకు చుట్టవలసిన మూడు చుట్లలో ఒక్కటి కూడా తగ్గించకండి. కొనేవారు వెల అడిగే ముందు ఎంతసేపు పట్టిందని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మన ఇళ్లలో, సంతలలో వినిపించిన నాడు ‘కాలక్షేపం’ అన్న మాట దానంతట అదే మరుగున పడుతుంది. త్రాసుకు అందని విలువ కూడా ఒకటి ఉన్నదని మన సమాజం అంగీకరించినట్లవుతుంది.